అడవి మంటలపై జరిగిన పరిశోధన రేంజ్ దాకా ఎందుకు రావడం లేదు?

నల్లమల_సెక్షన్

నేను నల్లమల అడవిలోని ఒక రేంజ్‌లో (అటవీ డివిజన్ కింద ఉండే విభాగంలో) సెక్షన్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. కొంతకాలం క్రితం ఒక విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకులు వచ్చి మా కంపార్ట్‌మెంట్లలో (అడవిని విడదీసిన చిన్న భాగాల్లో) తాళ్ళు కట్టి నేలను గళ్ళుగా విభజించారు. ఒక్కో గడిలో రాలిన ఆకును ఊడ్చి సంచుల్లో నింపి, అక్కడికక్కడే తూచి, ఎండబెట్టిన తర్వాత మళ్ళీ తూచారు. మా ఫైర్ వాచర్లే వారికి దారి చూపించారు, నీళ్ళు మోశారు, అంతకుముందు ఏ ఏడు ఎక్కడ కాలిందో గుర్తు చేసుకుని చెప్పారు. పని ముగించుకుని వెళ్ళిన తర్వాత వారి నుంచి మా రేంజ్‌కు ఒక్క కాగితం కూడా రాలేదు. ఆ పరిశోధన ఒక విదేశీ పత్రికలో ఇంగ్లీషులో వచ్చిందని, చదవాలంటే డబ్బు కట్టాలని ఈమధ్య తెలిసింది.

మాకు కావలసినది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఖాళీగా ఉంచే పట్టీలు, కొట్టి కాలుస్తాం. ఏ లైను ముందు కాల్చాలి, ఏది తర్వాత కాల్చాలి అన్నది అలవాటును బట్టి, చేతికి వచ్చిన నిధులను బట్టి జరుగుతోంది. ఫిబ్రవరి చివరికల్లా కొన్ని లైన్లు మళ్ళీ ఆకుతో నిండిపోతున్నాయి, కొన్ని ఏప్రిల్ దాకా శుభ్రంగానే ఉంటున్నాయి. ఎందుకలా జరుగుతోందో ఆ సంచుల తూకంలో ఎక్కడో రాసి ఉండాలి. అది మా దాకా రావాలంటే ఏం చేయాలి? ఎక్కడైనా అలా వస్తున్నదా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

బీట్_నడక

మీ దగ్గరికి పరిశోధకులైనా వచ్చారు. మాకు అందే సైన్సు ఉపగ్రహం నుంచి వచ్చే సందేశం ఒక్కటే. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసుకుని గుట్ట ఎక్కి వెళ్తే అక్కడ మంటా ఉండదు, మసీ ఉండదు. తిరిగి వచ్చి "మంట లేదు" అని నమోదు చేస్తే, అసలు వెళ్ళావా అని అడుగుతారు.

ఆకురాలు_కాలం

నేను పరిశోధక విద్యార్థిని. పొడి ఆకురాల్చు అడవుల్లో మంట తర్వాత మొలకల పరిస్థితి మీద పనిచేస్తున్నాను. నల్లమల_సెక్షన్ గారు రాసినది చదివి బాధ కలిగింది, ఎందుకంటే అందులో అబద్ధమేమీ లేదు. మా వైపు నుంచి పరిస్థితి ఎలా ఉంటుందో చెబుతాను.

అడవిలో పనిచేయడానికి అనుమతి ఇచ్చేటప్పుడే, పని పూర్తయ్యాక నివేదిక ప్రతులు సమర్పించాలని షరతు పెడతారు. మేము సమర్పిస్తాము. అది అనుమతి ఇచ్చిన కార్యాలయానికి చేరుతుంది, అక్కడి నుంచి డివిజన్‌కు, రేంజ్‌కు పంపే బాధ్యత ఎవరి మీదా ఉండదు. పరిశోధనకు నిధులిచ్చే సంస్థలు ఎన్ని పత్రాలు వచ్చాయని అడుగుతాయి కానీ, ఎంతమంది బీట్ ఆఫీసర్లకు (అడవిలో ఒక్కో చిన్న భాగాన్ని తిరిగి చూసుకునేవారికి) వివరించారని అడగవు. పైగా అనుమతి చాలాసార్లు మంటల కాలం సగం గడిచాక చేతికి వస్తుంది. మంటకు ముందు నేల ఎలా ఉందో కొలవకుండా, మంట తర్వాత ఎలా ఉందో మాత్రమే కొలిస్తే ఆ లెక్కకు విలువ తక్కువ. అంటే ఆలస్యం రెండు వైపులా నష్టం చేస్తోంది.

ఉపగ్రహం_375

బీట్_నడక గారి సమస్యకు స్పష్టమైన కారణం ఉంది. నేను రిమోట్ సెన్సింగ్ రంగంలో ఉన్నాను కనుక కాస్త విపులంగా రాస్తాను.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి మంటల సమాచారాన్ని ఉపగ్రహాల ఆధారంగా రాష్ట్రాలకు అందిస్తోంది. మొదట్లో టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం ఆధారం. తర్వాత సుఓమి ఎన్‌పీపీ మీది వీర్స్ పరికరం తోడయింది. మోడిస్ నేలను ఒక కిలోమీటరు గళ్ళుగా చూస్తుంది, వీర్స్ 375 మీటర్ల గళ్ళుగా చూస్తుంది. మీ ఫోనుకు వచ్చే అక్షాంశ రేఖాంశాలు మంట మండుతున్న చోటువి కావు, మంట ఉన్న గడి నడిమధ్యవి. ఉపగ్రహం మీ నెత్తి మీదుగా కాకుండా దూరంగా పక్క నుంచి పోతున్నప్పుడు ఆ గడి ఇంకా పెద్దదవుతుంది. కనుక చెప్పిన చోట మంట లేకపోతే చుట్టూ అర కిలోమీటరు దాకా, ముఖ్యంగా గాలి వీస్తున్న దిక్కున, చూడవలసి ఉంటుంది. గుట్టకు ఇటువైపు సందేశం వస్తే మంట అటువైపు ఉండవచ్చు.

రెండో విషయం సమయం. సుఓమి ఎన్‌పీపీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక అదే వేళకు ఒకసారి మన మీదుగా పోతుంది. మధ్యాహ్నం మూడింటికి అంటుకుని చీకటి పడేలోగా ఆరిపోయిన మంట దానికి కనిపించదు. దట్టమైన కొమ్మల కింద పాకే చిన్న మంటా కనిపించకపోవచ్చు. అదే సమయంలో ఎండకు కాలిన బండరాతి నేల మంటలా కనిపించే అవకాశం ఉంది. "మంట లేదు" అని మీరు రాసేది నిజమైతే అది తప్పు నివేదిక కాదు. పైవారికి అత్యంత విలువైన సమాచారం అదే, ఎందుకంటే ఏ బండల దగ్గర తప్పుడు సందేశాలు పదే పదే వస్తున్నాయో మీరు చెబితే తప్ప మాకు తెలియదు.

నల్లమల_సెక్షన్

ఉపగ్రహం_375 గారు, మీరు రాసినదాన్ని అచ్చు వేయించి రేంజ్ ఆఫీసు గోడకు అంటిస్తాను. గడి నడిమధ్య సంగతి మాకు ఎన్నడూ ఎవరూ చెప్పలేదు. శిక్షణలో పోర్టల్‌లోకి ఎలా ప్రవేశించాలో నేర్పారు కానీ, ఆ చుక్కకు అర్థం ఏమిటో నేర్పలేదు.

బీట్_నడక

అయితే ఇంకో ప్రశ్న. చుక్కల సంఖ్య పెరిగితే ఆ బీట్‌లో పని సరిగ్గా జరగలేదని సమీక్షలో అంటారు. ఒక చుక్క అంటే ఒక మంటేనా?

ఉపగ్రహం_375

కాదు. పెద్ద మంట ఒకటి వరుసగా పలు గళ్ళలో, పగలూ రాత్రీ రెండు సార్లూ నమోదైతే అనేక చుక్కలుగా కనిపిస్తుంది. ఉపగ్రహాలు రాని వేళల్లో పది చిన్న మంటలు అంటుకుని ఆరిపోతే ఒక్క చుక్కా రాకపోవచ్చు. చుక్కల సంఖ్యతో ఉద్యోగి పనితీరును కొలవడం శాస్త్రానికి సరిపడదు. కాలిన విస్తీర్ణం కావాలంటే సెంటినెల్-2 వంటి ఉపగ్రహాల చిత్రాల్లో నల్లబడిన నేలను గుర్తించాలి. అందులోనూ మన అడవుల్లో చిక్కు ఉంది. మంట పోయిన కొద్ది రోజులకే పైనుంచి మళ్ళీ ఆకు రాలి మసిని కప్పేస్తుంది, ఆ తర్వాత చిగురు వస్తుంది. సకాలంలో చిత్రం దొరక్కపోతే కాలిన నేల కాలనట్టే కనిపిస్తుంది. అందుకే నేలమీద నడిచి గీసిన పటానికి ఇప్పటికీ ప్రత్యామ్నాయం లేదు.

విశ్రాంత_ఏసీఎఫ్

అటవీ శాఖలో అసిస్టెంట్ కన్జర్వేటర్‌గా (ఏసీఎఫ్) పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఈ చర్చలో చరిత్ర కూడా కొంత ఉండాలి. పరిశోధకులు వేరు, అటవీ అధికారులు వేరు అనే విభజన మొదటి నుంచీ ఉన్నది కాదు. 1860ల్లో మధ్య పరగణాల్లోని (ఇప్పటి మధ్యప్రదేశ్) బోరి అడవిలో మంటల నుంచి రక్షణ మొదలైనప్పుడు, మంటను పూర్తిగా ఆపితే అడవి బాగుపడుతుందని అందరూ నమ్మారు. కొన్ని దశాబ్దాలు గడిచాక, రక్షణ పొందిన తేమ అడవుల్లో టేకు మొలకలు తగ్గిపోతున్నాయని, వెదురు, తుప్పలు కమ్మేస్తున్నాయని అడవిలో తిరిగే అధికారులే గమనించారు. 1896లో స్లేడ్ అనే అధికారి బర్మాలో మంటల రక్షణ మితిమీరిందని ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో రాశారు. దాని మీద ఆ పత్రికలోనే ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి. రాసినవారూ, చదివినవారూ, మరుసటి ఏడు అడవిలో దాన్ని అమలుచేసినవారూ ఒక్కరే. ప్రశ్న క్షేత్రంలో పుట్టింది, జవాబును క్షేత్రమే పరీక్షించింది.

ఆ రోజులే మంచివని నేను అనడం లేదు. అడవిలో తరతరాలుగా బతికినవారి మాటకు ఆ పత్రికలో చోటు లేదు, మంట పెట్టిన ప్రతివారినీ నేరస్థుడిగానే చూశారు. అయినా గమనించినవాడు రాయాలి, రాసినదాన్ని తోటివారు చదవాలి అనే అలవాటు ఉండేది. ఇప్పుడు రేంజ్ ఆఫీసర్ గమనించినది డైరీలో ఉండిపోతుంది, శాస్త్రవేత్త గమనించినది పత్రికలో ఉండిపోతుంది.

ఆకురాలు_కాలం

ఏసీఎఫ్ గారు, డైరీల గురించి మీరన్నది మా రంగానికి బాగా తెలిసిన ఒక ఉదాహరణను గుర్తు చేసింది. తమిళనాడులోని ముదుమలైలో మంటల తరచుదనం మీద 2004లో వచ్చిన పత్రం పాత రికార్డుల సాయంతో రెండు కాలాలను పోల్చింది. 1909-1921 మధ్య సుమారు పదేళ్ళకు ఒకసారి కాలిన నేల, 1989-2002 మధ్య సుమారు మూడేళ్ళకు పైచిలుకుకే మళ్ళీ కాలుతున్నదని తేల్చింది. వందేళ్ళ కిందట మంటలను నమోదు చేసి ఉంచిన అటవీ సిబ్బంది లేకపోతే ఆ పోలిక సాధ్యమయ్యేది కాదు. మీ రేంజ్ ఆఫీసు బీరువాల్లో ఉన్న పాత మంటల రిజిస్టర్లను చెదలకు వదిలేయవద్దని మనవి.

ఫ్లోరిడా_పైన్

నేను కడప జిల్లావాడిని, ప్రస్తుతం అమెరికాలో ఉంటూ అటవీ రంగంలోనే పనిచేస్తున్నాను. "ఎక్కడైనా వస్తున్నదా?" అని మొదటి పోస్టులో అడిగారు కనుక ఇక్కడి సంగతి చెబుతాను. 1998లో అమెరికా కాంగ్రెస్ జాయింట్ ఫైర్ సైన్స్ ప్రోగ్రామ్ అనే కార్యక్రమాన్ని ఏర్పాటు చేసింది. అటవీ సేవా విభాగం, ఇంటీరియర్ శాఖ కలిసి దాన్ని నడిపాయి. అడవులను చూసుకునే అధికారులకు ఏ విషయం తెలియాలో వారినే అడిగి, ఆ ప్రశ్నల మీద పరిశోధనలకు నిధులివ్వడం దాని పద్ధతి. కొన్నేళ్ళకు, నిధులిచ్చినంత మాత్రాన ఫలితాలు అధికారులకు చేరడం లేదని గ్రహించి, దేశాన్ని 15 ప్రాంతాలుగా విభజించి ఒక్కో ప్రాంతానికి ఒక ఫైర్ సైన్స్ ఎక్స్ఛేంజ్‌ను ఏర్పాటు చేశారు.

ఎక్స్ఛేంజ్‌లో సమన్వయకర్త ఉంటారు. పరిశోధన చేయడమూ, మంటలు ఆర్పడమూ ఆయన పని కాదు. ఇద్దరినీ కలపడమే ఆయన ఉద్యోగం. పెద్ద పత్రాన్ని రెండు పేజీల్లోకి కుదించి పంపుతారు, కాల్చిన నేల దగ్గరికి అందరినీ తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టి చర్చ పెడతారు. నేను వెళ్ళిన అటువంటి ఒక సమావేశంలో శాస్త్రవేత్త తన లెక్క చెబుతుండగా, ట్రాక్టరు నడిపే వ్యక్తి ఆపి, ఆ రోజు ఉదయం మంచు ఎక్కువగా పడిందని, అందుకే గడ్డి ఆలస్యంగా అంటుకుందని చెప్పాడు. శాస్త్రవేత్త అది రాసుకున్నాడు. ఆ దృశ్యం నాకు బాగా నచ్చింది.

ఇక్కడి దక్షిణ రాష్ట్రాల్లో ఇంకో సౌలభ్యం ఉంది. ఫ్లోరిడాలోని టాల్ టింబర్స్ పరిశోధనా కేంద్రం 1958లో మొదలైంది. మంట పూర్తిగా శత్రువు కాదని, లాంగ్‌లీఫ్ పైన్ అడవికి తరచూ తక్కువ ఎత్తు మంట అవసరమని అది మొదటి నుంచీ వాదించింది. భూయజమానులు అంతకుముందు నుంచే అలా కాల్చేవారు కనుక, సైన్సూ అనుభవమూ ఒకే దిక్కున నడిచాయి.

విశ్రాంత_ఏసీఎఫ్

ఫ్లోరిడా_పైన్ గారి సమాచారానికి కృతజ్ఞతలు, కానీ ఒక అభ్యంతరం ఉంది. అక్కడ నేల చాలావరకు చదును, యజమాని ఎవరో స్పష్టం, పద్ధతి ప్రకారం కాల్చేవారికి చట్టం రక్షణ ఇస్తుంది. ఇక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ అభయారణ్యంలో ప్రమాదం కలిగేలా మంట పెట్టడాన్ని నిషేధిస్తుంది, 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం 20వ సెక్షన్ రిజర్వు అడవి విషయంలో అదే పని చేస్తుంది. అడవిలోపల ఊళ్ళున్నాయి, పశువులున్నాయి, యాత్రికులున్నారు. మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి వేలమంది నడిచి వెళ్ళేది మంటల కాలంలోనే. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగేదీ ఆ కాలంలోనే. కాబట్టి అక్కడి కాల్పు పద్ధతిని ఇక్కడికి తెచ్చి పెట్టలేం. సమన్వయకర్త అనే ఆలోచనను మాత్రం తప్పక తీసుకోవచ్చు.

ఫ్లోరిడా_పైన్

అంగీకరిస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది కూడా ఆ ఉద్యోగం గురించే.

పెంట_దగ్గర

నల్లమలలోని చెంచు గిరిజనుల పెంటల్లో (చిన్న ఊళ్ళలో) విద్య, ఆరోగ్యం మీద పనిచేసే సంస్థలో ఉన్నాను. ఇంతవరకు అధికారులు, శాస్త్రవేత్తలు అనే రెండు పక్షాల మాటే నడిచింది. ఫైర్ వాచర్లలో, బేస్ క్యాంపుల్లో పనిచేసేవారిలో చాలామంది చెంచులే. ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో, బోద గడ్డి ఏ వారానికి కరకరలాడే స్థితికి వస్తుందో, ఏ గుట్ట మీద సాయంత్రం గాలి దిక్కు మార్చుకుంటుందో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పరిశోధకులు వారిని దారి చూపడానికి పిలుస్తారు, అధికారులు మంట ఆర్పడానికి పిలుస్తారు. ఏది ఎందుకు కాలుతుందో చెప్పమని కూర్చోబెట్టి అడిగినవారిని నేను చూడలేదు.

మా ప్రాంతంలో ఒక పెద్దాయన, మంటను పచ్చి కొమ్మలతో కొట్టేటప్పుడు కొమ్మను పైకెత్తి బాదకూడదని, నేలకు అదిమి కాలిన వైపుకు లాగాలని కొత్త పిల్లలకు చూపిస్తుంటాడు. బాదితే నిప్పురవ్వలు కాలని ఆకు మీదికి ఎగిరి మంట రెండవుతుంది. ఇది ఏ శిక్షణ పుస్తకంలో ఉందో నాకు తెలియదు, కానీ ఆయన దగ్గర నేర్చుకున్నవారి కాళ్ళు కాలలేదు.

ఆకురాలు_కాలం

ఈ మాటకు బలమైన ఉదాహరణ ఉంది. కర్ణాటకలోని బిళిగిరి రంగన గుట్టల్లో సోలిగ గిరిజనులు చలికాలం చివర్లో, ఆకు ఇంకా పూర్తిగా ఎండకముందే, నేలమీది ఆకును తక్కువ మంటతో కాల్చేవారు. 1974లో అది అభయారణ్యం అయ్యాక ఆ పని ఆగిపోయింది. తర్వాత లాంటానా అనే తుప్ప విపరీతంగా పెరిగింది. ఉసిరి చెట్ల మీద బదనిక (చెట్టును పట్టి బతికే పరాన్న మొక్క) పెరగడానికి కారణం మంట ఆగిపోవడమేనని సోలిగలు చెబుతూ వచ్చారు. పరిశోధకులు ఆ మాటను కొట్టిపారేయకుండా కొలిచి చూశారు, 2010లో పత్రం వచ్చింది. స్థానికుల పరిశీలనను నిర్వహణలోకి తీసుకోవాలని ఆ పత్రం వాదించింది. ప్రశ్న సోలిగలది, కొలత పరిశోధకులది. అయినా ఆ ఫలితం నిర్వహణలోకి వెళ్ళడానికి ఏళ్ళ తరబడి ప్రయాసపడవలసి వచ్చింది.

నల్లమల_సెక్షన్

ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తున్నాను. ముందుగా కాలిస్తే మంచిదని నాలుగు గోడల మధ్య చెప్పడం తేలిక. మంట మంచిదన్న మాట ఒకసారి బయటికి వెళితే, జనవరిలో తేమ నేల మీద అనే షరతు వెనకబడి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు కోసం చెట్టు కింద నిప్పు పెట్టేవారికి అదే సాకు అవుతుంది. లాంటానా ఉన్న చోట మంట పెడితే తుప్పను ఆసరా చేసుకుని పైకి ఎగబాకి చెట్టు కొమ్మలను కూడా అందుకుంటుంది. సోలిగలు కాల్చిన రోజుల్లో అక్కడ అంత లాంటానా లేదు. పాత పద్ధతి పాత అడవికి సరిపోయింది, ఈ అడవికి సరిపోతుందో లేదో ముందు తేల్చాలి.

ఆకురాలు_కాలం

మీరు లేవనెత్తిన అభ్యంతరాన్నే ఇప్పుడు పరిశోధకులు కూడా చర్చిస్తున్నారు. మంట లేకపోవడం వల్ల లాంటానా వచ్చిందా, లాంటానా వల్ల మంట తీరు మారిందా అన్నది ఒక్క మాటలో తేలేది కాదు. ఈ ప్రశ్నను మీలాంటివారు ముందే అడిగి ఉంటే మా ప్లాట్లు వేసే చోటు కూడా మారేది.

తునికాకు_కల్లం

ఇప్పపువ్వు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. తునికాకు కోసం కూడా పొదలకు నిప్పు పెట్టేవారున్నారు, కాలిన తర్వాత లేత చిగురు ఎక్కువగా వస్తుందని నమ్మకం. కొమ్మ కొట్టినా అదే చిగురు వస్తుంది, కాకపోతే కూలి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్నది తేలకుండా మంట వద్దని ఎన్ని గోడపత్రికలు అంటించినా ఫలితం ఉండదు. ఇప్పచెట్టు కింద వలలు కట్టి పువ్వును పట్టే పద్ధతి కొన్ని రాష్ట్రాల్లో ఉంది. దాన్ని ఇక్కడ పెద్ద ఎత్తున ఎందుకు ప్రయత్నించకూడదు?

శేషాచలం_గాలి

తిరుమల కొండల వైపు పనిచేశాను. 2014 మార్చిలో శేషాచలం మంటలకు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు పోయవలసి వచ్చింది. కొండ అడవుల్లో మా వాచర్లకు అన్నిటికంటే ముందు తెలియవలసిన సైన్సు ఒకటే. మంట దిగువ నుంచి ఎగువకు వేగంగా పాకుతుంది, ఎందుకంటే మంట వేడి వాలు మీద పైనున్న ఆకును ముందే ఎండబెడుతుంది, పగటి గాలి కూడా లోయ నుంచి పైకే వీస్తుంది. మంటకు పైన, ఎండు గడ్డి వాలు మీద మనిషి నిలబడకూడదు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణిలో ట్రెక్కింగ్‌కు వెళ్ళినవారు ఇటువంటి వాలు మీదే చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. ఈ ఒక్క విషయమైనా ప్రతి సీజను మొదట్లో ప్రతి వాచర్‌కు, ప్రతి యాత్రా మార్గంలోని సేవకుడికి నేలమీద చూపించి చెప్పాలి. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు, ఉన్నది చేరవేస్తే చాలు.

గడ్డినేల

ఒక చిన్న సవరణ. అడవి అని అందరూ ఒకే మాట వాడుతున్నారు. ముళ్ళ అడవి, ఎర్రచందనం కొండ, టేకు అడవి, సహజ గడ్డి మైదానం వేరు వేరు. ఒకదాని కోసం రాసిన సూచన మరొకదానికి పనికిరాదు.

ఉపగ్రహం_375

గడ్డినేల గారి మాటకు కొనసాగింపుగా చెబుతున్నాను. మంటల ప్రమాద స్థాయిని ముందుగా చెప్పే హెచ్చరికలకు మూలం కెనడాలో రూపొందిన ఫైర్ వెదర్ ఇండెక్స్. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, గత 24 గంటల వాన తీసుకుని నేలమీది ఇంధనం, అంటే రాలిన ఆకు, గడ్డి వంటివి, ఎంత ఎండిందో అంచనా వేస్తుంది. అది అక్కడి పైన్ అడవుల నేలను దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్క. టేకు ఆకు, బోద గడ్డి ఎంత వేగంగా ఎండుతాయో ఇక్కడి తూకాలతో సరిచూస్తే తప్ప ఆ హెచ్చరిక మీ కంపార్ట్‌మెంట్‌కు నప్పదు. నల్లమల_సెక్షన్ గారి అడవిలో సంచుల్లో నింపి తూచినది అందుకు కావలసిన సమాచారమే. అంటే ఆ తూకాలు మీకూ చేరలేదు, మాకూ చేరలేదు.

పెంట_దగ్గర

రాసి పంపితే చాలదని కూడా గుర్తుంచుకోవాలి. వాచర్లలో చదవలేనివారున్నారు. తెలుగులో రెండు పేజీలు రాసినా, దాన్ని అదే ప్రాంతపు మనిషి గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే బేస్ క్యాంపుల్లో అందరూ వింటారు. సిగ్నల్ ఉన్న చోటికి వచ్చినప్పుడు దింపుకుంటారు.

విశ్రాంత_ఏసీఎఫ్

కాగితమూ, గొంతూ రెండూ అవసరమే. వాటికంటే గట్టి దారి ఇంకొకటి ఉంది. ప్రతి డివిజన్‌కు సాధారణంగా పదేళ్ళ వర్కింగ్ ప్లాన్ ఉంటుంది, పులుల అభయారణ్యానికి దాని సంరక్షణ ప్రణాళిక ఉంటుంది. అందులో రాసిన పనికి నిధులు వస్తాయి, రాయని పనికి రావు. ఎంత మంచి పరిశోధన అయినా ప్లాన్‌లోని మంటల అధ్యాయంలోకి ఎక్కకపోతే, దాన్ని ఇష్టపడిన డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్ఓ) బదిలీ అయిన రోజే అది కూడా వెళ్ళిపోతుంది. పరిశోధకులు తమ జిల్లాలో ప్లాన్ సవరణ ఎప్పుడో తెలుసుకుని, అంతకు ఏడాది ముందే ఫలితాలను పనులుగా మార్చి రాసివ్వాలి. "ఇంధన భారం అధికంగా ఉంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "ఫలానా కంపార్ట్‌మెంట్లలో లైనును రెండోసారి ఫలానా వారంలో ఊడ్చాలి" అని రాస్తే ఎస్టిమేట్ వేయవచ్చు.

సమన్వయకర్త ఉద్యోగానికి కూడా కొత్త సంస్థ కట్టనవసరం లేదు. దూలపల్లిలో, రాజమహేంద్రవరంలో అటవీ శిక్షణ కేంద్రాలున్నాయి, సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది, హైదరాబాదులోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. వీటిలో ఒక చోట ఒక మనిషిని, నవంబరు నుంచి జూన్ దాకా ఈ పని మీదే ఉంచగలిగితే మొదలుపెట్టవచ్చు.

బీట్_నడక

ఆ మనిషి వేసవిలో బీట్లలో తిరిగేవారై ఉండాలి.

ఆకురాలు_కాలం

ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగకుండా, మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత సమాధానం ఇస్తాను. టేకు అన్ని చోట్లా ఒకేసారి ఆకు రాల్చదు. పొడి గట్ల మీద, రాతి నేలల్లో నవంబరు నుంచి జనవరి లోపు చాలావరకు రాల్చేస్తుంది. తేమ నిలిచే లోయల్లో, వాగుల పక్కన మార్చి దాకా పట్టి ఉంచుతుంది. నల్లమద్ది, చిరిమాను ఆకు రాల్చేది ఎక్కువగా ఫిబ్రవరి తర్వాతే. కనుక జనవరిలో కాల్చిన గట్టు లైను శుభ్రంగా ఉండిపోయే అవకాశం ఎక్కువ, అదే వారంలో కాల్చిన వాగు లైను మళ్ళీ నిండక తప్పదు. చేతిలో ఉన్న డబ్బుతో అన్ని లైన్లనూ ఒకేసారి కాల్చే బదులు, గట్టు లైన్లను ముందు ముగించి, వాగు పక్క లైన్లకు, నల్లమద్ది ఎక్కువగా ఉన్న లైన్లకు మార్చిలో బ్లోయర్లతో రెండోసారి ఊడ్చే పనిని కేటాయించడం మేలని నా అభిప్రాయం.

నల్లమల_సెక్షన్

ఇది మా అనుభవంతో చాలావరకు సరిపోతున్నది. ఒక్కచోట సరిపోలేదు. మాకు కృష్ణ లోయ వైపు దిగే ఒక గట్టు లైను ఉంది, మీ లెక్క ప్రకారం అది శుభ్రంగా ఉండాలి, కానీ ఏటా నిండుతుంది. కింది వాలు మీది ఆకును గాలి పైకి తోసి లైనులో పోస్తుందని మా వాచర్ అంటాడు. వచ్చే సీజనులో దాన్ని లెక్కతో రాసి ఉంచమంటే రాయగలను. ఏమేమి రాయాలో చెప్పండి.

ఆకురాలు_కాలం

లైను కాల్చిన తేదీ రాయండి. తర్వాత వారానికోసారి ఒకే చోట నిలబడి ఫొటో తీయండి, ఆ చోట బండ మీద రంగుతో గుర్తు పెట్టండి. లైనులో ఎక్కువగా పడిన ఆకు ఏ చెట్టుదో, ఆ చెట్టు లైనుకు పైన ఉందో కింద ఉందో రాయండి. మధ్యాహ్నం మూడింటికి ఆకును పిడికిట పట్టి నలిపితే పొడి అవుతుందా, మడత పడుతుందా అన్నది రాయండి. గాలి దిక్కు వాచర్ చెప్పినట్టే, ఆయన మాటల్లోనే రాయండి, ఆయన పేరు కూడా రాయండి. పత్రం వస్తే అందులో ఆ పేరు ఉంటుంది.

ఉపగ్రహం_375

ఆ లైను పటాన్ని ఫోను జీపీఎస్‌తో నడిచి గీసి ఇక్కడ పెడితే, గత సీజన్ల సెంటినెల్ చిత్రాలతో సరిచూసి ఎప్పుడెప్పుడు దాన్ని దాటి మంట అవతలికి వెళ్ళిందో గుర్తించి ఇస్తాను.

నల్లమల_సెక్షన్

దసరా తర్వాత లైన్ల సర్వే మొదలవుతుంది. మొదటి వారంలోనే నడిచి పటం పెడతాను. వాచర్‌ను అడిగాను, పేరు రాయడానికి ఒప్పుకున్నాడు.